అలిపిరి చెకింగ్‌లో దొరికిన నా ధైర్యం

పొద్దున నేనూ నా పెండ్లామూ కొండకు నడిచి పోదామని అలిపిరికి పోయినాం. పైకి సిగరెట్లు పోనీరని తెలీనోడు ఈడ ఎవుడుంటాడు? అయినా చెకింగ్‌లో నా బ్యాగులోనుంచి నిండు ప్యాకెట్టు బయటపడింది. నేనేమో మానేసి పదకొండు రోజులని ఊరంతా చెప్పుకున్న మనిషిని. నా పెండ్లాం నా మొగం సూసింది.

"తాగడంల్యా సార్. దగ్గర ఉండాదంటే అదొక ధైర్యం" అన్నాను సెక్యూరిటీ ఆయనతో.

ఆయన కోప్పడలా. గొంతు తగ్గించి, "నేనూ మానేసి ఈరోజుకు తొమ్మిదో రోజప్పా. పొద్దుట్నించి ఇవే ఏరి పారేస్తా ఉండాను. నా బాధ ఎవురికి చెప్పుకునేది?" అన్నాడు.

ప్యాకెట్టును చెత్తడబ్బా మీదికి తెచ్చినాడు గానీ వదల్లేదు. నేనూ వదలమనలేదు. నా పెండ్లామే లాక్కోని అందులోకి విసిరేసింది. నేనూ ఆయనా ఒకేసారి "అయ్యో!" అన్నాం. లైనంతా పగలబడి నవ్వింది.

నిట్టనిలువు మెట్ల మోకాళ్ల పర్వతం నవ్వుకుంటానే ఎక్కేసినాను. ఆ డబ్బా దాటే నాలుగడుగులకే, అబ్బా, కాళ్లు రాలా!

మానేసినోళ్లు ఉంటే మీకు ఎన్నో రోజో కింద రాయండి. ఆయనకన్నా రెండు రోజులు పెద్దోణ్ణి, ముందు నేనే మళ్లీ ముట్టిస్తే ఏం మర్యాదప్పా?