మంచు కింద మూడు చేపలు

నా చిన్నప్పుడు మేము డ్రెస్డెన్‌లో ఒక పాత భవనంలో, మూడో అంతస్తులో అద్దెకు ఉండేవాళ్ళం. కింద ఒక జర్మన్ ముసలావిడ ఉండేది. పిల్లలమంతా ఆవిడను ఒమా అనేవాళ్ళం, అంటే వాళ్ళ భాషలో అమ్మమ్మ. వీధి చివర ఆవిడకో చిన్న తోట, అందులో నా మెడలోతు నీళ్ళగుంట, ఆ గుంటలో మూడు ఎర్ర చేపలు. ఆ చలికాలం మోకాలి ఆపరేషన్‌కు వెళ్తూ ఒమా తోట తాళంచెవి మా నాన్నకు కాదు, తొమ్మిదేళ్ళ నా చేతిలో పెట్టింది. తను తిరిగొచ్చేదాకా చేపలు నావేనంది. ఆ రోజు నా కాళ్ళు నేలమీద ఆనలేదు.

చలి ముదిరితే మా అమ్మకు బాల్కనీయే ఫ్రిజ్. పెరుగు, కూరలు, దోసెల పిండి అన్నీ అక్కడికే చేరేవి. ఒక ఆదివారం పొద్దున చూస్తే, గాజు సీసాలో మూతిదాకా పోసిపెట్టిన చారు గడ్డకట్టి, సీసా నిలువునా పగిలి ఉంది. అమ్మ సీసా పోయిందని బాధపడింది. నాకు మాత్రం చేపలు గుర్తొచ్చాయి. గాజునే పగలగొట్టిన మంచు చేపల్ని బతకనిస్తుందా? పరుగున తోటకు వెళ్ళాను. గుంటంతా తెల్లటి పలక పరిచినట్టుంది, కింద ఏమీ కనబడలేదు. ఏడుపు దిగమింగుకుని ఇంటికొచ్చి నాన్న సుత్తి తీసుకున్నాను.

మెట్ల మీద పక్కింటి అక్క ఎదురైంది. వరంగల్ నుంచి వచ్చి ఇక్కడ యూనివర్సిటీలో చదువుకునేది, ఆదివారం భోజనం మా ఇంట్లోనే.

"సుత్తి పట్టుకొని ఎటు పోతున్నవే? ఈ దేశంల ఆదివారం పూట చప్పుడు చేస్తే బిల్డింగోళ్ళంతా మన మీదికొస్తరు," అని నవ్వింది. సంగతి చెప్పగానే నవ్వు ఆపేసింది. "వద్దు. మంచు మీద కొడితే ఆ అదురుకే చేపలు సచ్చిపోతయ్. ముందు లోపలికి రా."

అమ్మ చపాతీలకు కలిపిన పిండిలోంచి అక్క ఒక ముద్ద తుంచింది. పెద్ద ఉండ ఒకటి చేసి, దానికి పుల్లలతో రెండు చిన్న ఉండలు కాస్త వంపుగా గుచ్చింది. పెద్దది ఆక్సిజన్, చిన్నవి హైడ్రోజన్; కంటికి కనబడని నీటి కణం ఇలాగే ఉంటుందంది. అలాంటివి ఆరు చేయించింది. గిన్నెలో వేస్తే ఒకదాని సందులో ఒకటి సర్దుకున్నాయి. అవి నీళ్ళట. తర్వాత వాటినే బల్లమీద, ఒకదాని చిన్న ఉండ పక్కదాని పెద్ద ఉండను తాకేలా గుండ్రంగా పేర్చింది. చలికి కణాలు ఇలా చేతులు పట్టుకుని నిలబడిపోతే అదే మంచట. మధ్యలో పెద్ద ఖాళీ మిగిలింది. అందుకే మంచుకు చోటు ఎక్కువ కావాలి, సీసా పగిలింది అందుకే. అందుకే అది నీళ్ళకన్నా తేలిక, పైనే ఉండి దుప్పటిలా కప్పుతుంది. నాలుగు డిగ్రీల నీళ్ళు అన్నిటికన్నా బరువు కనుక అడుగుకు దిగి ఉంటాయి. చేపలూ అక్కడే కదలక మెదలక చలికాలం గడుపుతాయి.

"చూసినవా, ఈ నడుమ సందే నీ చేపల పానం," అంది అక్క.

"మీ సైన్సయిపోతే నా పిండి నాకిచ్చేయండమ్మా," అంది అమ్మ.

నాకు ఒక్క పని మిగిలింది. చెడుగాలి పోవడానికి మంచులో చిన్న కన్నం ఉండాలి. అది కొట్టి కాదు, కరిగించి చెయ్యాలి. ఆ మర్నాటి నుంచీ బడి కాగానే అక్క ఫ్లాస్కులో వేడినీళ్ళు తెచ్చేది, నేను అమ్మ స్టీలు గిన్నె తెచ్చేదాన్ని. నీళ్ళు పోసిన గిన్నెను మంచు అంచున పెట్టి కూర్చునేవాళ్ళం. తక్కిన పిల్లలు మంచుమీద జారుడుబళ్ళతో జారుతూ కేకలు వేస్తుంటే, కన్నం పడేదాకా నేను కదిలేదాన్ని కాదు. అక్కకు పరీక్షలైతే అమ్మ గొణుక్కుంటూ వచ్చేది. చేపలు ఒక్కసారీ కనబడలేదు. బతికున్నాయో లేదో తెలియదు. అయినా ఒక్కరోజు మానలేదు.

మార్చిలో మంచు కరిగింది. ఒమా చేతికర్రతో వచ్చి నా పక్కన నిలబడింది. ఒక చేప పైకొచ్చింది, కాసేపటికి రెండోది. మూడోది రాలేదు. ఒమా ఇక చాలు, వెళ్దామంది. నేను రానన్నాను. కాళ్ళు తిమ్మిరెక్కాక నాచులోంచి మెల్లగా మూడోది కదిలింది. అప్పుడు ఏడ్చాను, చలికాలమంతా దాచుకున్న ఏడుపు.

ఇప్పుడు నా జుట్టు నెరిసింది. మా మనవరాలు అలిగి గది తలుపు వేసుకుంటే వాళ్ళమ్మ ఆ తలుపు బాదబోతుంది. నేను చెయ్యి పట్టుకుని ఆపుతాను. చారు వేడిచేసి, గిన్నెతో ఆ గుమ్మం ముందు కూర్చుంటాను. చల్లారితే మళ్ళీ వేడిచేసుకొస్తాను. తలుపు తెరుచుకునేదాకా లేవను.