కిందగదిలో ఐదు నేలలు

ఆ షాపుకు వచ్చేవాళ్ళందరికీ ఆయన మేకుల బాబాయి. తనకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా బాబాయ్ అనే పిలుస్తారు. పైన అన్నయ్య షాపు. వీపున సంచి తగిలించుకుని కొండలూ అడవులూ నడిచే జనానికి బూట్లు, బ్యాగులు, గుడారాలు అన్నీ అక్కడే. పదకొండు మెట్లు దిగితే బాబాయి గది. అక్కడ అమ్మేది ఒక్కటే వస్తువు, గుడారాన్ని నేలకు పట్టి ఉంచే మేకు. జానెడు మేకుకు ఒక గది ఎందుకయ్యా అని నవ్వేవాళ్ళు ఉన్నారు. గాలివాన రాత్రి గుడారం వెనకాల పరిగెత్తినవాడెవడూ నవ్వడు.

గోడ పొడవునా ఐదు చెక్కపెట్టెలు ఉంటాయి. ఒకదాంట్లో గడ్డినేల, దానికి పొద్దున్నే నీళ్ళు చల్లాలి. ఒకదాంట్లో గులక, ఒకదాంట్లో ఇసుక, ఇంకోదాంట్లో బంకమట్టి, చివరిదాంట్లో ఆకులు కుళ్ళిన అడవి మట్టి. గడ్డినేలకు సన్నని తీగ మేకు చాలు, వేళ్ళే దాన్ని పట్టుకుంటాయి. గులకలో రాళ్ళ సందున దూరాలంటే సూదిలా ఉండాలి, వంగకూడదు. బంకకు మూడంచులది, అడవి మట్టికి పొడుగుది, ఇసుకకు వెడల్పాటి రేకు. ఈ మాటలు చెప్పి ఊరుకుంటే ఆయన బాబాయి ఎందుకవుతాడు? మేకు దిగగొట్టి, తాడు కట్టి, స్ప్రింగు కాటా తగిలించి కొన్నవాడి చేతనే లాగిస్తాడు. పన్నెండు కేజీలు లాగినా కదలకపోతేనే సంచిలో వేస్తాడు.

ఇంత తెలిసిన మనిషి ఒక్క రాత్రి కూడా గుడారంలో పడుకోలేదు. పెట్టెల్లోని మట్టి కూడా ఆయన తవ్వి తెచ్చింది కాదు, వెళ్ళొచ్చినవాళ్ళు కవర్లలో తెచ్చిపోసింది. ఉద్యోగం దొరికేదాకా ఒక్క నెల సాయంగా ఉండమని అన్నయ్య అంటే మెట్లు దిగాడు. ఆ నెల ఇప్పుడు పంతొమ్మిదేళ్ళు. పైకప్పు తలకు నాలుగు వేళ్ళ ఎత్తులో ఉంటుంది. వీధి మట్టాన ఒక చిన్న కిటికీ, అందులోంచి పోయేవాళ్ళ కాళ్ళు తప్ప ఏమీ కనబడవు. కొన్ని రోజులు ఆ కాళ్ళను చూస్తుంటే ఆయనకు ఊపిరాడేది కాదు. ఎవరితో చెప్పుకుంటాడు? అన్నయ్యకు చెబితే ఫ్యాను పెట్టించాడు.

ఈ ఏడాది, పదవీ విరమణ చేసిన ఒక బస్సు డ్రైవరు తన నలుగురి ముఠాకు మేకులు ఎంచుకోవడానికి వచ్చాడు. ఏటా వచ్చే మనిషే. కాటా లాగుతూ లాగుతూ ఆగి, "బాబాయ్, ఈసారి మీరూ రండి. నాలుగు రోజుల నడక. వచ్చే నెల ఇరవయ్యో తారీఖున బయల్దేరుతున్నాం. మాకూ కాస్త ధైర్యంగా ఉంటుంది" అన్నాడు.

ఏ రోజు బయల్దేరేదీ బాబాయి రెండుసార్లు అడిగి తెలుసుకున్నాడు. ఆ మధ్యాహ్నమే పైకెళ్ళి అన్నయ్యను అడిగాడు.

"వెళ్ళరా, నేనేమైనా కట్టేశానా?" అన్నాడు అన్నయ్య. చెడ్డవాడు కాదు, అదే గొడవ. చెడ్డవాడైతే ఎప్పుడో తెగతెంపులు అయిపోయేవి. "కాకపోతే సీజను. ఆ నాలుగు రోజులూ కింద ఎవరు చూస్తారో చెప్పు. బయటివాళ్ళు మాత్రం వద్దు. వెనకటికి ఒకణ్ణి పెడితే ఎవరి గుడారమో వాగులో తేలింది, గుర్తుందిగా."

బయటివాళ్ళు వద్దంటే మిగిలింది వదిన. ఆవిడకు యాభై దాటాయి. షాపులో ఆవిడకు పని లేదు. మధ్యాహ్నం రెండింటికి ఈత కొలనుకు పోతుంది, ఐదింటికి తడి జుట్టుతో వస్తుంది. ఈ వయసులో ఈతేమిటని ఎవరైనా అంటే, మునిగిపోయే వయసు ఇదే కదా అంటుంది. బాబాయి అడగ్గానే, "నాలుగు రోజులేగా మరిదీ, నేర్పు. నువ్వు వెళ్ళి ఆకాశం ఒకసారి చూసిరా, ఉందో లేదో నాకు చెబుదువుగాని" అంది.

పది రోజులు నేర్పాడు. ఆవిడ చెయ్యి చూస్తే బాబాయికి ముచ్చటేసింది. సుత్తి ఎక్కడ ఆపాలో, మేకు తల గుడారానికి ఎడంగా ఎంత వాల్చాలో, రెండోసారి చెప్పాల్సిన పని లేకపోయింది. కళ్ళు మూసుకుని మట్టి వేళ్ళతో నలిపి, "ఇది బంక, దీనికి మూడంచులది" అనేసేది. ఆదివారం ఇరవై ప్రశ్నలు అడిగాడు, ఇరవైకీ తడుముకోకుండా చెప్పింది. అప్పటికి ఇరవయ్యో తారీఖుకు ఇంకా పన్నెండు రోజులుంది. బాబాయి ఆ సాయంత్రం తనకోసం ఒక బ్యాగు ఎంచి పక్కన పెట్టుకున్నాడు.

అదే ఆదివారం భోజనాల దగ్గర అన్నయ్య మహా హుషారుగా ఉన్నాడు. "దీనికి నిజంగా పని వచ్చేస్తే మన పంట పండినట్టేరా. నువ్వు తిరిగి రాగానే స్టేషను రోడ్డులో రెండో షాపు తెరిచేద్దాం. అక్కడా కిందగది ఉంది, చూసొచ్చాను. అక్కడ నువ్వు, ఇక్కడ ఇది. రేపు నేనే పరీక్ష పెడతాను" అన్నాడు.

వదిన చేతిలో గరిటె ఆగిపోయింది. బాబాయి అది చూశాడు, చూసి తల వంచుకున్నాడు. తన నాలుగు రోజులు తనకు కావాలి, ఆ తరవాత సంగతి తరవాత అనుకున్నాడు. సిగ్గేసింది, అయినా అలాగే అనుకున్నాడు.

సోమవారం మొదటి బేరం ఒక స్కూలు టీచరు. ఏటి ఒడ్డున గులకనేల మీద రెండు రాత్రులు ఉంటాడట. అన్నయ్య మెట్ల మీద కూర్చున్నాడు. బాబాయి నోరెత్తకూడదని షరతు. వదిన వరసగా అన్ని మేకులూ చూసి, తీరిగ్గా ఇసుక రేకు తీసింది. గులక పెట్టెలో పెట్టి సుత్తితో బాదింది. రాళ్ళు ఎగిరి టీచరు కళ్ళజోడుకు తగిలాయి. రేకు మధ్యకు మడత పడింది. "ఇలాగే ఉంటుందాండీ?" అని అడిగాడా అమాయకుడు.

"నీ మొహంలే, లే, పైకి పద" అన్నాడు అన్నయ్య ఆవిడతో. బాబాయి సూది మేకులు తీసి టీచరుకు ఇచ్చాడు.

మధ్యాహ్నం వదిన తువ్వాలు సంచి భుజాన వేసుకుని కిందికి వచ్చింది. "తిట్టు మరిదీ, పడతాను" అంది.

"నీకు వచ్చు వదినా. నాకంటే బాగా వచ్చు."

"వచ్చు. వచ్చని తెలిస్తే మీ అన్నయ్య నన్ను ఈ గదిలోంచి లేవనిస్తారా? పెళ్ళయిన కొత్తలో నన్ను బూట్ల దగ్గర కూర్చోబెట్టారు. నాలుగు రోజులు చూసి ఒకాయనకు రెండూ ఎడమ కాలివే కట్టిచ్చాను. ఆ రోజు నుంచీ నా మధ్యాహ్నాలు నావి. నువ్వు మొదటిరోజే అన్నీ సరిగ్గా ఇచ్చావు. అదే నువ్వు చేసిన తప్పు." తువ్వాలు సంచి సర్దుకుని, "నా కోసం నీ నాలుగు రోజులు పాడుచేశాను. నాకు బాధగానే ఉంది. కానీ నేను దిగను" అంది.

ఆవిడ వెళ్ళిపోయాక అన్నయ్య దిగాడు. "నిజం చెప్పు, దానికి రాదా, లేక నాటకమా?"

ఒక్క మాట అంటే చాలు, ఇరవయ్యో తారీఖు బాబాయిది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. "ఆవిడ వల్ల కాదన్నయ్యా" అన్నాడు.

కానీ వదిన మాట లోపల తొలుస్తూనే ఉంది. రెండు రోజుల తరవాత ఒక తండ్రి ఇద్దరు ఆడపిల్లలతో వచ్చాడు. సముద్రం ఒడ్డున, ఇసుకలో, మొదటిసారి గుడారం వేస్తారట. బాబాయి వాళ్ళ ముందు కాటా తియ్యలేదు. సన్నని తీగ మేకులు ఎనిమిది లెక్కపెట్టి సంచిలో వేసి ఇచ్చేశాడు. ఒక్క తిట్టు తిరిగి వస్తే చాలు. అన్నయ్య నమ్మకం సడలుతుంది, ఇంకొకరిని వెతుక్కుంటాడు. జీవితంలో మొదటిసారి తప్పు మేకు ఇచ్చాడు. పెద్దపిల్ల వెళ్తూ వెళ్తూ, "గాలి వస్తే ఎగిరిపోదు కదా తాతయ్యా?" అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

కిటికీలోంచి మూడు జతల కాళ్ళు దాటిపోయాయి. బాబాయి స్టూలు మీద కూర్చున్నాడు. లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. నిన్ను నువ్వు బతికించుకోరా వెధవా అని తనను తాను తిట్టుకున్నాడు. అంతలోనే ఇసుక రేకులు ఎనిమిది పట్టుకుని పదకొండు మెట్లూ ఎక్కి, షాపు దాటి, వీధిలో పడి పరిగెత్తాడు. మలుపు దగ్గర వాళ్ళను పట్టుకున్నాడు. రొప్పుతూ సంచిలోవి తీసి ఇవి వేశాడు. "పొరపాటైందండీ. ఇవైతే ఎగరవు. తాడు బిగించేముందు పైన ఇసుక తొక్కండి."

ఆ తండ్రి మనసారా దణ్ణం పెట్టాడు. "మీలాంటివాళ్ళు ఉండబట్టే ఇలాంటి చోట్లకు వెళ్ళగలుగుతున్నాం" అన్నాడు.

తిరిగి వచ్చేసరికి అన్నయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు, అంతా చూశాడు. తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి, "అందుకేరా, నిన్ను తప్ప ఎవరినీ నమ్మబుద్ధి కాదు" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. బాబాయి మెట్లు దిగి, డ్రైవరుకు ఫోను చేశాడు.

"నా కోసం ఆగొద్దండీ. మీ నలుగురికీ మేకులు కట్టి ఉంచుతాను, వచ్చి పట్టుకెళ్ళండి."

"అదేమిటి బాబాయ్, ఏమైంది? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉందండీ. నాకు పని వచ్చు, అంతే" అన్నాడు.