పాలమూరులో ఇస్త్రీ చొక్కా టూరిస్టులు

మహబూబ్‌నగర్, అదే పాలమూరు, చూసొచ్చానంటే మా స్టాఫ్ రూమ్‌లో ఎవరూ నమ్మలేదు. "అక్కడేముంది చూడ్డానికి?" అన్నారు. చాలానే ఉంది. ఎలా వెళ్లాలో, ఏం చూడాలో, ఏం తినాలో అన్నీ రాస్తాను. కానీ ముందు అసలు సంగతి ఒప్పుకోవాలి. మేం వెళ్లింది ఊరు చూడ్డానికి కాదు, ఒక అబ్బాయిని చూడ్డానికి. అదీ అతనికి తెలియకుండా.

మాది నల్లగొండ. నేను హైస్కూలు టీచర్ని. మా చెల్లెలు లావణ్య ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. దానికి మహబూబ్‌నగర్ నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి పేరు శ్రీకాంత్. క్లాక్ టవర్ దగ్గర కళ్లద్దాల దుకాణం నడుపుతూ, కంటి పరీక్ష కూడా తనే చేస్తాడు. వాళ్లు పెళ్లిచూపులకు వచ్చిన రోజు నాకు పరీక్షల డ్యూటీ, మా చిన్నాయినకు, అంటే బాబాయికి, జ్వరం. మేమిద్దరం తప్ప ఇంట్లో అందరూ అతన్ని చూశారు, అందరికీ నచ్చాడు. లావణ్య మాత్రం అవుననలేదు, కాదనలేదు. దానికో కారణం ఉంది. అంతకుముందు ఒక సంబంధం దాదాపు ఖాయమయ్యాక, ఆ పెళ్లికొడుకు ఫంక్షన్ హాల్ దగ్గర ఒక ముసలి వాచ్‌మన్ మీద అరిచిన తీరు చూసి, ఇంటికొచ్చి ఆ పెళ్లి వద్దంది. ఈసారి నన్ను పక్కకు పిలిచి చెప్పింది.

"మన ముంగట అందరు నవ్వుతనే ఉంటరక్కా. మనం లేనప్పుడు ఎట్లుంటడో చూసి రాండ్రి. కోపమొస్తే ఎట్లుంటడు? నాకు గదొక్కటే కావాలె."

ఆ ఒక్క జవాబు తెస్తే అవునో కాదో చెప్పేస్తానంది. సంబంధాల గురించి ఆరా తీయడం మా ఇంట్లో చిన్నాయిన శాఖ. కరెంటాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు, పేరు యాదగిరి. బంధువుల్లో ఏ పెళ్లి కుదరాలన్నా ఆయన ముందుగా ఆ ఊరు వెళ్లి, టీ కొట్టు దగ్గర, మంగలి షాపులో, ఇంటి పక్కవాళ్ల దగ్గర మాటల్లో పెట్టి విషయం లాగుతాడు. అబ్బాయి మమ్మల్నిద్దర్నీ చూడలేదు కాబట్టి ఈ పని మా మీదే పడింది. "టూరిస్టుల లెక్క పోదాం. ఎవనికి అనుమానం రాదు" అన్నాడు చిన్నాయిన. తెల్లారి ఆయన బస్టాండుకు వచ్చిన వేషం చూడాలి. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, జేబులో పెన్ను, దువ్వెన, మెరుస్తున్న చెప్పులు. టూరిస్టు అనిపించుకోవడానికి నెత్తిన ఒక టోపీ. ముక్కు మీద ఎప్పుడూ ఉండే కళ్లద్దాలు.

నల్లగొండ నుంచి మహబూబ్‌నగర్‌కు నేరుగా వెళ్లే బస్సులు తక్కువ. దొరికితే పొద్దున్నే ఎక్కేయండి. లేకపోతే దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా మారుతూ వెళ్లాలి. ఎలా వెళ్లినా నాలుగు గంటలు పడుతుంది. ఆడవాళ్లు ఆధార్ కార్డు చూపిస్తే ఎక్స్‌ప్రెస్‌లో కూడా టికెట్ లేదు. మగవాళ్లకు రెండు వందల పైచిలుకు అవుతుంది. ఆ తేడా గురించి చిన్నాయిన దేవరకొండ దాకా గొణుగుతూనే ఉన్నాడు. అంతకంటే ముందే ఆయన వేరే దారిన పోయే మిర్యాలగూడ బస్సెక్కి, కిటికీ పక్క సీటు పట్టి, నా కోసం రుమాలు కూడా వేశాడు. చెయ్యి పట్టి దింపితే, "బోర్డు సక్కగ రాయరు" అని ఆర్టీసీని తిట్టాడు.

దసరా తర్వాతి రోజులు కాబట్టి కల్వకుర్తిలో బస్సు ఆగగానే సీతాఫలాల బుట్టలు కిటికీల దగ్గరికొచ్చాయి. ఆ కాలంలో వెళ్తే తప్పకుండా కొనండి. కళ్లు విచ్చి, నొక్కితే మెత్తగా తగిలేవి ఏరుకోండి. చిన్నాయిన రాళ్లలాంటివి ఏరాడు. నేను ఏరిన పండ్లు ఇద్దరం తిన్నాం.

మహబూబ్‌నగర్ బస్టాండ్ బయట ఒక ఆటో మాట్లాడుకున్నాం. డ్రైవర్ ఖాజా భాయ్‌కి యాభై ఏళ్లుంటాయి, నవ్వుతూ మాట్లాడే మనిషి.

"ఏడికి పోవాలె అమ్మా? దవాఖానకా, కలెక్టరాఫీసుకా?"

"ఊరు చూడనీకి వచ్చినం. టూరిస్టులం" అన్నాడు చిన్నాయిన, టోపీ సర్దుకుంటూ.

"పాలమూరా? చూడనీకా?" ఖాజా భాయ్ ఆయన్ని చెప్పుల నుంచి టోపీ దాకా ఒకసారి చూశాడు. చూపు చొక్కా దగ్గర కాసేపు ఆగింది. "సరే, టూరిస్టులే. కూసోన్రి."

సాయంత్రం దాకా తిప్పడానికి ఎనిమిది వందలడిగి ఏడు వందలకు ఒప్పుకున్నాడు. వెయిటింగ్ కూడా అందులోనే. మీరు కూడా విడివిడిగా ఆటోలు ఎక్కే బదులు ఇలా మాట్లాడుకోండి, హాయిగా ఉంటుంది.

మొదట పిల్లలమర్రి. ఊరికి నాలుగు కిలోమీటర్లుంటుంది. ఎకరాల కొద్దీ పరుచుకున్న ఈ పాత మర్రికి మధ్యలో జబ్బు చేస్తే, మనుషులకు ఎక్కించినట్టే సీసాలు వేలాడదీసి మందెక్కించారు. ఇప్పుడు కోలుకుంది. కంచె అవతలి నుంచి చూడాలి, ఊడలు పట్టుకుని ఊగడాలు లేవు. అక్కడికొచ్చేవాళ్లు కూడా పేషెంటును పలకరించినట్టు "నిరుటికంటె నయమున్నది" అనుకుంటూ తిరుగుతుంటారు. అసలు మొదలు ఏదో నాకు చివరిదాకా అంతుపట్టలేదు. నేను ఫోటోలు తీస్తుంటే చిన్నాయిన విచారణ మొదలుపెట్టాడు.

"గా చెట్టు సంగతి ఇడువు గని భాయ్, మీ ఊళ్లె కళ్లద్దాలు అమ్మేటోళ్లు ఎట్లాంటోళ్లు? కోపదారులా?"

టూరిస్టు అడిగే ప్రశ్నేనా ఇది? ఖాజా భాయ్ ఏమాత్రం తొణక్కుండా "అందరు మంచోళ్లే పెద్దాయనా" అని, ఫోన్ వచ్చిందంటూ అవతలికి వెళ్లాడు.

పక్కనే మ్యూజియం ఉంది, వదిలిపెట్టకండి. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోయే ఊళ్ల నుంచి తెచ్చిన శిల్పాలు అక్కడ పెట్టారు. ఒక గుడిని రాయి రాయి విప్పి తెచ్చి మళ్లీ కట్టారు కూడా. ఊరు మునిగినా దేవుళ్లు ఒడ్డెక్కినందుకు నాకు మనసులో సంతోషమేసింది. అదే మాట చిన్నాయినతో చెబుదామని తిరిగి చూస్తే, ఆయన ద్వారం పక్కన నిలబడ్డ ఒక రాతి విగ్రహాన్ని బాత్రూమ్ ఎటని అడుగుతున్నాడు. జవాబు రాకపోయేసరికి "గవర్నమెంటోళ్లకు ఇంత పొగరా" అని గొంతు పెంచాడు. నేను పరుగున వెళ్లి పక్కకు తీసుకొచ్చాను. తర్వాత జింకలున్న చోట, కంచె బయట మేస్తున్న మేకను చూసి "ఏం అందమే, జింక అంటె గిట్లుండాలె" అన్నాడు. అప్పటికీ నాకు తట్టలేదు. ఎండకు తల తిరిగిందేమో అనుకుని నీళ్లు తాగించాను.

మన్యంకొండ వేంకటేశ్వరస్వామి గుడి రాయచూరు రోడ్డు మీద, ఊరికి కాస్త దూరంలో ఉంది. మాకు వీలు పడలేదు గానీ మీరు పొద్దున్నే బయల్దేరితే చూడొచ్చు. మధ్యాహ్నం భోజనానికి ఖాజా భాయ్ ఒక ఇంటి వరండాలో నడిచే మెస్సుకు తీసుకెళ్లాడు. పొయ్యి ముందు కూర్చున్నామె చేత్తోనే తడుతూ జొన్నరొట్టెలు కాలుస్తోంది. రొట్టె, పప్పు, పచ్చిపులుసు, ఎల్లిగడ్డ కారం, మనిషికి వంద లోపే. నేను రెండు తిని చాలంటే ఆమె ఒప్పుకోలేదు.

"రెండు రొట్టెలకే చాలంటె ఎట్లమ్మా? గింత దూరం వచ్చి!" అని మూడోది వేసింది. పాలమూరులో జొన్నరొట్టె తినకుండా తిరిగొస్తే మీరు వెళ్లినట్టే కాదు.

కడుపు నిండాక క్లాక్ టవర్ దగ్గరికి వెళ్లాం. చుట్టూ బట్టల దుకాణాలు, నారాయణపేట చీరలు, ఇరానీ చాయ్. వీటికి ఒక గంట పెట్టుకోండి. మాకు మాత్రం అక్కడ పనుంది. చిన్నాయిన ఆటోలోనే పథకం చెప్పాడు. "నేను లోపటికి పోయి వాని పానం దీస్త. ఎంతసేపటికి కోపమొస్తదో నువ్వు చూడు."

చెప్పినట్టే చేశాడు. దుకాణంలో ఉన్న ఫ్రేములన్నీ దింపించాడు. ఒకటి బరువన్నాడు, ఒకటి తేలికన్నాడు, ఒకటి పెట్టుకుంటే సచ్చిపోయిన తన మామ లెక్క కనబడుతున్నానన్నాడు. మొదట దింపిన ఫ్రేమునే మళ్లీ తెప్పించి "గిది ముందుగాల ఎందుకు చూపెట్టలే?" అని నిలదీశాడు. శ్రీకాంత్, సన్నగా ఉన్న మామూలు కుర్రాడు, అన్నింటికీ "అట్లనే సార్" అంటూ నవ్వుతున్నాడు. మాకు చాయ్ తెప్పించాడు. చివరికి చిన్నాయినకే కోపమొచ్చి "ఏమయ్యా, నీకు కోపమనేదే రాదా?" అని అడిగేశాడు. నేను చాయ్ గ్లాసులో మొహం దాచుకున్నాను.

"కంటి పరీక్ష చేస్త రాండ్రి సార్" అని శ్రీకాంత్ ఆయన్ని గోడ మీది అక్షరాల పలక ముందు కూర్చోబెట్టాడు. అన్నిటికంటే పెద్ద అక్షరం దగ్గరే చిన్నాయిన తడబడ్డాడు. రెండో వరుసకు వచ్చేసరికి ఊహించి చెప్పడం మొదలుపెట్టాడు. శ్రీకాంత్ ఆయన ముక్కు మీది అద్దాలు తీసి, వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఇవి ఏడ కొన్నరు సార్?"

"అంగట్ల. పేపరు ముంగట పట్టుకొని చూసిన, అక్షరాలు మంచిగ కనవడ్డయి. కొన్న."

"బండి గిట్ల నడుపుతరా?"

"ముప్పై ఏండ్ల సంది! గీ అద్దాలు పెట్టుకొనే నడుపుత."

శ్రీకాంత్ మొహంలో నవ్వు పోయింది. సార్ అనడం పోయింది, మీరు అనడం కూడా పోయింది.

"పేపర్ చదివే అద్దాలు పెట్టుకొని బండి నడుపుతున్నవా? ముంగట లారీ ఉన్నదో గోడ ఉన్నదో కనవడ్తదా నీకు? నీకేమన్న అయితె? ఎదురుంగ వచ్చేటోనికేమన్న అయితె? ఇంట్ల ఒక్కరన్న చూస్తలేరా?" నా వైపు తిరిగాడు. "మీరన్న చెప్పద్దా అమ్మా?" మళ్లీ ఆయన వైపు తిరిగాడు. "కొత్త అద్దాలు వచ్చేదాక బండి ముట్టద్దు. తాళం ఇంట్ల ఎవరికన్న ఇచ్చెయ్యి. ఇస్తనని చెప్పు."

"ఇస్త" అన్నాడు చిన్నాయిన. హోంవర్క్ చేయకుండా బడికొచ్చిన పిల్లాడి గొంతు అది. మిర్యాలగూడ బస్సు, రాతి విగ్రహం, మేక, అన్నీ నా కళ్ల ముందు వరసగా నిలబడ్డాయి. శ్రీకాంత్ ఒక క్షణం ఆగి, ఆయనకు మంచినీళ్లిచ్చి, కొలతలు రాసుకుని, "వారంల వస్తయి సార్" అన్నాడు మామూలుగా.

బయటికొచ్చాక నాకు ఏం అనుకోవాలో తెలియలేదు. ఓర్పు కొండంత ఉంది. కానీ అరిచాడు కదా. లావణ్యకు అదే కదా భయం. ఆలోచిస్తుండగా, బస్టాండ్ దారిలో ఖాజా భాయ్ అద్దంలోంచి నన్ను చూస్తూ అడిగాడు.

"పిల్లగాడు నచ్చిండా అమ్మా?"

చిన్నాయిన చప్పున టోపీ సర్దుకున్నాడు.

"పొద్దుగాల్నే సమజైంది. టూరిస్టులు ఇస్త్రీ అంగీలు తొడుక్కొని రారు గద! శ్రీకాంత్‌కు నల్లగొండల పిల్లను చూసిండ్రని మాకు ఎరుకే. మర్రిచెట్టు కాడ పెద్దాయన అడిగినంక పక్కకు పోయి శ్రీకాంత్‌కు ఫోన్ కొట్టిన. నల్లగొండ నుంచి నీ సంబంధపోళ్లు వస్తున్నరు, జర మంచిగ ఉండు అన్న. మంచి పిల్లగాడమ్మా, ఆగం కావద్దని చెప్పిన. ఫికర్ చెయ్యకున్రి."

ఫికర్ చెయ్యకుండా ఎలా ఉంటాం? ఆ నవ్వులు, ఆ చాయ్, ఆ ఓర్పు అంతా మా కోసం వేసిన నాటకమేనన్నమాట. రోజంతా తిరిగి మేం తెచ్చుకున్నది ఏమీ లేదు. బస్సు జడ్చర్ల దాటింది. చెల్లెలికి మొహం ఎలా చూపించాలా అని నాకు నిజంగా ఏడుపొచ్చింది. చిన్నాయిన టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి ఏమీ కనబడని బయటికి చూస్తున్నాడు. ఉన్నట్టుండి నా వైపు తిరిగాడు.

"వానికి మనమెవరమో తెలుసు గద?"

"తెలుసు."

"పిల్ల చిన్నాయినను అని తెలుసు. తెలిసి గూడ నన్ను గట్ల తిట్టిండా?"

ఆయన కోపంగానే అడిగాడు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. సంబంధంవాళ్ల ముందు ఓర్పు ఎవరైనా నటిస్తారు. తిట్టడం ఎవరు నటిస్తారు? పెళ్లి చెడినా ఫర్వాలేదు, ఈ మనిషి బండి కింద పడకూడదని అనిపించిన ఆ ఒక్క నిమిషంలో, అతను మేమెవరమో మరిచిపోయాడు. లావణ్య అడిగింది ఆ నిమిషం గురించే.

ఇల్లు చేరేసరికి చీకటి పడింది. లావణ్యకు ఒక్క ముక్క దాచకుండా చెప్పాను, మేకతో సహా. అది అంతా విని, అవుననలేదు, కాదనలేదు. లేచి, ఎదురుగా ఉన్న చిన్నాయిన ఇంటికెళ్లి, తలుపు పక్క మేకుకు వేలాడుతున్న బండి తాళం తీసుకుంది. నేనూ వెనకే వెళ్లాను.

"అద్దాలు వచ్చేదాక ఇది నా దగ్గర్నే ఉంటది."

చిన్నాయిన ఖాళీ మేకు వైపు చూసి, నా వైపు చూసి అన్నాడు: "వానికి తోడు ఇది. ఇగ ఇద్దరైండ్రు."

పెద్ద కోటలు, జలపాతాలు కావాలంటే వేరే చోట్లున్నాయి. పాలమూరు లాంటి ఊళ్లో చూడాల్సింది మనుషుల్ని. మనం వాళ్లను చూడ్డానికి వెళ్తాం, మనం ఆటో దిగేలోపే వాళ్లు మనల్ని చూసేస్తారు. నాకు ఆ ఊరు నచ్చింది, మనస్ఫూర్తిగా చెబుతున్నాను. వెళ్లాలనుకునేవాళ్లకు ఒకటే సలహా: నలిగిన చొక్కా వేసుకుని వెళ్లండి, అప్పుడైనా టూరిస్టులంటే నమ్మొచ్చు. వచ్చే ఆదివారం అద్దాల కోసం మావాళ్లు మళ్లీ వెళ్తున్నారు. చిన్నాయిన ఒక్కడే వెళ్లి తెచ్చుకుంటానన్నాడు గానీ లావణ్య ఒప్పుకోలేదు. చూపు ఆనని మనిషిని అంత దూరం ఒంటరిగా పంపకూడదట, తనే తోడు వెళ్తుందట. రాత్రి నుంచి చీర ఇస్త్రీ చేసుకుంటోంది.