వేల్స్ మలుపుల్లో పోయిన పరువు

మా చిన్నప్పుడు ఇంగ్లండ్‌లోని రీడింగ్‌లో అక్టోబర్ హాఫ్ టర్మ్ సెలవులొస్తే చాలు, ఎవరో ఒకరు "రంగు మారిన ఆకులు చూడ్డానికి పోదాం" అనేవారు... ఆకులు చూడ్డానికి పెట్రోలు తగలేసుకోవడం ఏమిటని కాకినాడ నుంచి వచ్చిన మా తాతయ్యకు మహా ఆశ్చర్యం. ఈసారి వెళ్ళే వేల్స్ కొండల్లో జలపాతం కూడా ఉందని తెలిశాక మాత్రం తెల్లారకముందే స్నానం చేసి, కోటు మీద కండువా, నెత్తిన మంకీ క్యాప్, చేతిలో మరచెంబు... పెళ్ళికి బయల్దేరినట్టు తయారై కూర్చున్నారు. ఆ మరుసటి వారమే ఆయన తిరుగు ప్రయాణం.

అద్దెకు తీసుకున్న ఏడు సీట్ల బండి. ముందు నాన్న, ఆయన స్నేహితుడు రావు అంకుల్. మధ్యలో అమ్మ, ఆంటీ, వాళ్ళమ్మాయి దివ్యక్క. వెనక తాతయ్య, నేను. నాకు ఎనిమిదేళ్ళు, దివ్యక్కకు పదమూడు. తను నన్ను చూసి నవ్విందంటే ఆ వారమంతా నాకు పండగే.

వేల్స్‌లోకి వచ్చాక దారి మెలికలు తిరగడం మొదలైంది. "చూడమ్మడూ, కొండకి ఎవరో పసుపూ కుంకుమా పూసేశారు" అని తాతయ్య ఒకటే సంబరం. నాకు కొండా కనపడటం లేదు, ఆకులూ కనపడటం లేదు... పొద్దున తిన్న పెసరట్టు గొంతు దాకా వచ్చి కూర్చుంది. గట్టిగా చెబితే దివ్యక్క వింటుంది, పరువు పోతుంది. అందుకని తాతయ్య చెవిలో మెల్లగా, తెలుగులో ఏమనాలో తెలియక, "ఐ ఫీల్ సిక్" అన్నాను.

ఇక్కడి పిల్లలు అలా అంటే వాంతి వచ్చేలా ఉందని అర్థం. కాకినాడలో సిక్ అంటే జ్వరం! తాతయ్య నా నుదుటి మీద చెయ్యి పెట్టి, "ఒళ్ళు చల్లగానే ఉంది కదే, నిక్షేపంలా ఉన్నావు" అన్నారు. మళ్ళీ అదే మాట చెప్పాను. ఈసారి నాలుక చాపమన్నారు. చాపాను... అంతే! ఆయన ఒళ్ళంతా పాడైపోయింది.

అందరూ వెనక్కి తిరిగేలోపే తాతయ్య కండువాతో నా మూతి తుడిచేశారు. "నాకేనర్రా... ముసలి ప్రాణం కదా, ఈ మలుపులకి తట్టుకోలేకపోయింది" అన్నారు.

నాన్న బండి పక్కకు ఆపారు. రావు అంకుల్ వాళ్ళ ముందు ఆయనకు తల కొట్టేసినట్టయింది. "అన్ని పెసరట్లు వద్దంటే విన్నారా నాన్నా? చిన్నపిల్లాడా మీరు?" అని అందరి ముందూ కసిరారు. "ఇక మీరు బండిలోనే కూర్చోండి. అక్కడ చాలా దూరం నడవాలి."

"అలాగేలేరా... మీరు చూసొచ్చి చెప్పండి, వింటాను" అన్నారు తాతయ్య. ఆ చలిలో, రోడ్డు పక్కన తల వంచుకుని, మరచెంబులో నీళ్ళతో కోటు కడుక్కుంటున్నారు. దివ్యక్క ముక్కు మూసుకుని, "హీ స్టింక్స్!" అంది. ఏమందో అర్థం కాక తాతయ్య తనను చూసి నవ్వారు. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది.

ఇంగ్లీషులో చెబితే సరిపోయేది. కానీ తాతయ్యకూ అర్థం కావాలనిపించింది. "పాపం, పెద్దాయనకి వాంతి అయింది" అని ఆంటీ అనడం అప్పుడే విన్నాను. ఆ ఒక్క మాటా పట్టుకుని, "తాతయ్య కాదు... నేను! నేను వాంతి!" అని అరిచాను.

ఇక చూస్కోండి, రోడ్డు పక్కన ఒకటే నవ్వులు! దివ్యక్కయితే "షీ ఈజ్ వామిట్!" అంటూ కడుపు పట్టుకుని కూలబడింది. నాకు చెవుల దాకా వేడెక్కింది. భూమి చీలితే బాగుండు, అందులో దూరిపోదును అనిపించింది. వాంతి చేసుకున్నందుకు కాదు, నా తెలుగుకు సిగ్గేసింది. ఆ ముక్క ముందే వచ్చి ఉంటే తాతయ్య అందరి ముందూ మాటలు పడేవారే కాదు కదా...

నాన్న ఒక్కరే నవ్వలేదు. డిక్కీలోంచి తన ట్రాక్ ప్యాంటు, జాకెట్ తెచ్చి, "తొడుక్కోండి నాన్నా, మీరు రాకపోతే ఎలా" అన్నారు. తాతయ్య ముఖం మాత్రం చూడలేకపోయారు.

తడి ఆకుల మీద జారకుండా నా చెయ్యి పట్టుకుని తాతయ్య జలపాతం దాకా నడిచారు. చాలాసేపు నోరు తెరిచి చూశారు. తర్వాత నా చెవి దగ్గరికి వంగి, "నువ్వూ వాంతీ ఒకటి కాదమ్మడూ... 'నాకు వాంతి అయింది' అనాలి. ఏదీ, అను" అన్నారు. ఆ నీళ్ళ హోరులో ఆయనకు వినపడాలని గొంతు చించుకుని అరిచాను. కుక్కతో వాకింగ్‌కి వచ్చినాయన ఆగి మరీ చూశాడు. ఎంత సిగ్గేసినా మళ్ళీ మళ్ళీ అన్నాను.

ఆ తర్వాత కొన్నేళ్ళ పాటు ప్రతి ఆదివారం ఫోన్‌లో నా మాటలు దిద్దడమే తాతయ్య పని. ఇప్పుడు నా తెలుగు విన్నవాళ్ళు ఇక్కడ పెరిగిన పిల్లేనా అని మెచ్చుకుంటారు... తాతయ్యకు మాత్రం చెవులు వినపడటం లేదు.

మీ తెలుగును దిద్దిన మనిషి ఎవరైనా ఉంటే కింద రాయండి, చదవాలని ఉంది... నేను మాత్రం నిన్న తాతయ్యకు ఫోన్ చేసి, కావాలనే ఒక మాట తప్పుగా పలికి ఆగాను. "ఆఁ... బాగున్నానమ్మడూ, బాగున్నాను" అన్నారు.