గొర్రెలు పండని మూల

ఆ కబురు మొదట నాకు తెచ్చింది చాయ్ బండి యాదమ్మ. తెలంగాణ వచ్చి మూడేళ్లయింది. ఊరూరా భూముల రికార్డులు సరిచూస్తున్న రోజులు. కృష్ణకు దగ్గరి మా మండల ఆఫీసు ఎదుట, రేకుల కింద కూర్చుని అర్జీలు రాసేదాన్ని. బడి ఎరగను. బాపు ఇంట్లో నేర్పిన అక్షరాలే నాకు అన్నం పెట్టాయి. కలం పట్టే ముందు దేవుణ్నీ ఆయన్నీ తలుచుకుంటాను.

"అక్కా, బాలమ్మ రెండెకరాలు తనయే అంటున్నడట పాత సర్పంచి. ముప్పై ఏండ్ల సంది దున్నుతున్నడట!"

బాలమ్మకు భర్త లేడు. ఆ మెట్ట చెలకే తిండి. పట్టా మామ పేరు మీదే ఉండిపోయింది. అది ఆమెకు మారడాన్ని విరాసత్ అంటాం. తగాదా ఉంటే పంచనామా చేస్తారు, అంటే పొలంలోనే నిలబడి సాక్షుల మాట రాసుకుంటారు. అర్జీకి వచ్చిన బాలమ్మను గెట్టు పక్క రైతులను అడగమన్నాను. ఒక్కరూ వస్తామనలేదు. వాళ్ల పంటలకు సర్పంచి బోరు నీళ్లే దిక్కు.

"ఇంకెవరున్నరమ్మా నీ చెలక ఎరిగినోళ్లు?"

"మంద పెట్టే బీరయ్య ఉన్నడు. గుంట జాగా లేనోడు, గాయన మాట ఎవరింటరు?"

నేనూ అలాగే అనుకున్నాను. ఆ పేరు అర్జీలో రాయలేదు. అది నా తప్పు.

పంచనామా నాడు బాలమ్మ వెంట నేనూ చెలకకు వెళ్లాను; పొద్దున్నే పొగమంచు. ముందు గొర్రెల అరుపు వినిపించింది. తర్వాత ఆ మంచే కాళ్లు మొలిచి నడిచొస్తున్నట్టు మంద కనిపించింది. వెనకే గొంగడి కప్పుకుని, ఎవరూ పిలవని బీరయ్య.

"ఏందిరా బీరిగా, నువ్వు గూడ పట్టాదారువైనవా?" సర్పంచి నవ్వాడు.

"కాదు దొరా. గీ చెలకల పండుకున్నోన్ని."

పంచనామా రాసే రెవెన్యూ అధికారి గిర్దావరు వైపు తిరిగి చెప్పాడు. "సారూ, ఎండాకాలం ఎరువుకని బాలమ్మ పిలుస్తది. జొన్నలు పెడ్తది, గీడ మంద పెడ్త. గొర్లు చెలకంత పండుకుంటయి, గా ఈశాన్నం మూల తప్ప. కింద బండ ఉన్నది. ఎండకు కాగి, పొద్దుగూకినా చల్లారది."

గిర్దావరు సర్పంచిని చూశాడు. "బండ ఉన్నదా?"

"యాడిది సారూ? ముప్పై ఏండ్లల్ల నా నాగలికి రాయి తగల్లే. అంత ఒక్కటే మన్ను."

"జానెడు లోతుల ఉంటది," బాలమ్మ మెల్లగా అంది. "ఆడ కంది మొలుస్తది, నిలువది."

గడ్డపార దింపారు. ఖంగుమంది. గిర్దావరు బాలమ్మ మాటే రాసుకున్నాడు. మంచులో గొర్రెలు నెమరు వేస్తున్నాయి. నేను దేవుడికి చేతులు జోడించాను.

బాలమ్మకు పాసుపుస్తకం వచ్చింది. బీరయ్యకు మాత్రం ఆ ఊరి బీళ్లు మూసుకుపోయాయి; సర్పంచి భూములు దాటందే మందకు నీళ్లకు దారి లేదు. ఆ నెలలోనే గొర్రెలను తోలుకుని కృష్ణ దాటాడు. నేను ఆయనకు దండం పెట్టుకునేలోపే వెళ్లిపోయాడు.

ఇప్పుడు సాక్షుల పేర్లు రాసేటప్పుడు, గుంట భూమి లేనివాళ్లను ముందు అడుగుతాను. మీ బస్సుకు అడ్డంగా ఎప్పుడైనా మంద వస్తే విసుక్కోకండి. అది దాటేదాకా బీరయ్యను తలుచుకోండి.