ఎండ కాస్తుండగా వచ్చిన వరద

సముద్రం ఒడ్డున ఉప్పెన వచ్చి ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకుపోయిన మరుసటి ఏడాది, మా యూనివర్సిటీ నుంచి కాలేజీలన్నిటికీ ఒక సర్క్యులర్ వచ్చింది. ఆపద వస్తే ఏం చెయ్యాలో ప్రతి కాలేజీ ముందే ఆలోచించి పెట్టుకోవాలనీ, ఆ పనికి ఒక లెక్చరర్‌ని నియమించాలనీ, చుట్టుపక్కల కాలేజీలతో కలిసి నడుచుకోవాలనీ దాని సారాంశం. నేనప్పుడు నందిగామ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతున్నాను. మా ఇల్లు జగ్గయ్యపేటలో. నాన్నకి అక్కడ బజారులో కిరాణా కొట్టుండేది. రోజూ పొద్దున ఎర్రబస్సెక్కి నందిగామ వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చేదాన్ని.

మా ప్రిన్సిపాల్‌గారు ఆ కాగితం నా చేతిలో పెట్టి, "స్టాఫ్ మీటింగుల్లో అందరికంటే ఎక్కువ ప్రశ్నలేసేది మీరే కదమ్మా, ఈ పని మీకైతేనే బాగుంటుంది," అన్నారు. ఎగతాళి చేశారో మెచ్చుకున్నారో తెలియలేదు. పని మాత్రం నాకు నచ్చింది.

సముద్రం మాకు చాలా దూరం. మరి మా మెట్ట ఊళ్ళలో కాలేజీకి రాగల ఆపద ఏమిటి? ఆ ప్రశ్న పట్టుకుని కొన్నాళ్ళు తిరిగాను. ముందు మా లేబొరేటరీనే చూసుకున్నాను. నిప్పంటుకుంటే అందర్నీ బయటికి పంపడం ఎలాగో చూద్దామని, ఒకరోజు మధ్యాహ్నం ఆగకుండా బెల్లు కొట్టించాను. పిల్లలు చాలా చక్కగా, తోపులాట లేకుండా బయటికొచ్చారు. అటునుంచటే ఇళ్ళకి వెళ్ళిపోయారు. లాంగ్ బెల్లంటే కాలేజీ వదిలేసినట్టే కదా! ప్రిన్సిపాల్‌గారు ఖాళీ వరండాలో నిలబడి, "ప్రమాదం తప్పిందన్నమాట," అన్నారు.

ఆ తర్వాత జగ్గయ్యపేట కాలేజీకి వెళ్ళాను. రెండు కాలేజీల మధ్య బస్సులో గంట ప్రయాణం కూడా లేదు. అయినా ఇక్కడి సంగతి అక్కడ తెలియదు. ఏ ఉత్తరమైనా యూనివర్సిటీకి వెళ్ళి, అక్కడినుంచి తిరిగి ఇటు రావలసిందే. అక్కడ ఈ బాధ్యత ఆటల మాస్టారికి అప్పజెప్పారు. అందరూ ఆయన్ని పీడీగారనేవాళ్ళు. పెనుగంచిప్రోలులో వ్యవసాయం చేసుకునే కుటుంబం వాళ్ళది. పొడుగ్గా ఉండేవాడు, మెడలో ఎప్పుడూ ఒక విజిల్ వేలాడుతుండేది. నా బెల్లు కథ విని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. "మేడమ్, నిప్పు సంగతి తర్వాత. మనవాళ్ళకి నీళ్ళతోనే గొడవ. మీ పిల్లలు ఏ దారిన వస్తున్నారో ఎప్పుడైనా అడిగారా?" అన్నాడు.

అడగలేదు. మర్నాడు క్లాసులో అడిగాను. దారిలో ఏరో వాగో దాటి వచ్చేవాళ్ళు చెయ్యెత్తమంటే, దాదాపు సగం చేతులు లేచాయి. వెనక బెంచీలో ఒకమ్మాయి లేచి, "మాది మున్నేరు అవతల మేడమ్. ఏరు దాటి పెనుగంచిప్రోలులో బస్సెక్కుతా," అంది.

"ఏరు పొంగితే ఏం చేస్తావు?"

"రాను మేడమ్. మీరు ఆబ్సెంట్ వేస్తారు."

క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం ఆ జవాబు చాలా రోజులు బుర్రలో తిరిగింది. అన్ని కాలేజీల వాళ్ళనీ పిలిచి యూనివర్సిటీలో పెట్టిన సమావేశంలో లేచి అడిగాను కూడా. "ఏరు పొంగి మా విద్యార్థి మా సెంటరుకి రాలేకపోతే, దగ్గర్లో ఉన్న ఇంకో కాలేజీలో పరీక్ష రాయనిస్తారా? రెండూ మన యూనివర్సిటీవే కదండీ," అన్నాను. పరీక్షల విభాగం అధికారి చిరునవ్వు నవ్వి, "అంతదాకా వస్తే చూద్దాంలేమ్మా," అన్నారు.

ఆ సెప్టెంబరులోనే అంతదాకా వచ్చింది.

మార్చిలో తప్పినవాళ్ళు మళ్ళీ రాసే పరీక్షలవి. మొదటి రోజు పొద్దున్నే నేను నందిగామ వెళ్దామని జగ్గయ్యపేట బస్టాండుకి వచ్చాను. ఆకాశంలో మబ్బు తునక లేదు. అప్పుడే పెనుగంచిప్రోలు నుంచి ఒక బస్సొచ్చింది. అందులోంచి మా నందిగామ విద్యార్థులు గుంపుగా దిగారు. కొందరి పంట్లాలు తొడలదాకా తడిసి ఉన్నాయి. "నందిగామ దారి మీదికి ఏరొచ్చేసింది మేడమ్. దిగి నడిచి దాటుదామన్నా కుదరలేదు, బస్సు వెనక్కి తిప్పేశారు. ఇటు దారి బాగుందంటే ఈ బస్సెక్కాం," అన్నారు. అంతమందికి చోటు లేక నేనెక్కాల్సిన నందిగామ బస్సు కదిలిపోయింది. తర్వాతిది ఎప్పుడో వచ్చి, అక్కడికి చేరేసరికి పరీక్ష సగం అయిపోతుంది.

వానలేదు, వరదెక్కడిది? ఆ విచిత్రం గురించి ఆలోచించడానికి అప్పుడు సమయం లేదు. అందర్నీ వెంటబెట్టుకుని జగ్గయ్యపేట కాలేజీకి నడిచాను. పీడీగారు గేటు దగ్గరే ఎదురయ్యాడు. ఇద్దరం కలిసి అక్కడి ప్రిన్సిపాల్‌గారి గదిలోకి వెళ్ళాం. ఆయన రిటైరయ్యే వయసు మనిషి, ఏ పనైనా రూలు చూసుకునిగానీ చెయ్యరు. ముందు నాచేత మా ప్రిన్సిపాల్‌గారికి ఫోన్ చేయించారు.

"ఇక్కడ ఫెళ్ళున ఎండ కాస్తుంటే వరదేమిటమ్మా?" అని అటునుంచి మా ప్రిన్సిపాల్‌గారి గొంతు. "పిల్లలేమన్నా కథలు చెబుతున్నారా?"

"పంట్లాలు తడిసి ఉన్నాయండి. పిండితే నీళ్ళు కారుతున్నాయి."

"సరే, వాళ్ళు అక్కడ రాస్తే నాకభ్యంతరం లేదు. యూనివర్సిటీని అడగండి."

యూనివర్సిటీకి ట్రంక్ కాల్ బుక్ చేశాం. మా అదృష్టం కొద్దీ తొందరగానే కలిసింది. ఫోనెత్తిన గుమాస్తా అంతా శ్రద్ధగా విన్నాడు. "నిజమేనండి, పాపం. కానీ సార్ పదిన్నరకి గానీ రారండి," అన్నాడు. పరీక్ష తొమ్మిదింటికి. ఆపద వస్తే ఏం చెయ్యాలో చెప్పే సర్క్యులర్ పంపిన ఆఫీసు తలుపులు ఆపద వేళకి ఇంకా తియ్యలేదు.

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "వీళ్ళ హాల్ టికెట్ల మీద నందిగామ అని ఉంది. రాయనిచ్చాక యూనివర్సిటీ కాదంటే?" అని నన్నడిగారు.

"సమావేశంలో అడిగానండి. అంతదాకా వస్తే చూద్దామన్నారు."

"వచ్చింది కదమ్మా మరి," అన్నారాయన. కళ్ళజోడు పెట్టుకుని లేచారు. "కూర్చోబెట్టండి. సంజాయిషీ అడిగితే నేనిస్తా. వీళ్ళు అసలే ఒకసారి తప్పినవాళ్ళు."

ప్రశ్నపత్రాలు చాలలేదు. పీడీగారు బ్లాక్‌బోర్డు మీద ప్రశ్నలన్నీ ఎత్తిరాశాడు. మైదానంలో ముగ్గుతో గీతలు గీసిన చెయ్యి కదా, అక్షరాలు వెనక వరసదాకా స్పష్టంగా కనపడ్డాయి. అందరూ రాయడం మొదలుపెట్టాక ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వెళ్ళాను. మున్నేరు అవతలి అమ్మాయి లేదు.

యూనివర్సిటీ ఆ పేపర్లు దిద్దించింది. దిద్దించే ముందు జగ్గయ్యపేట ప్రిన్సిపాల్‌గారిని సంజాయిషీ అడిగింది. ఆయన ఇచ్చారు. మరుసటి ఏడాది వచ్చిన సర్క్యులర్‌లో, దారి తెగినప్పుడు విద్యార్థులు దగ్గరి కాలేజీలో పరీక్ష రాయవచ్చన్న మాట చేరింది. అది ఎక్కడినుంచి వచ్చిందో అందులో లేదు. మేము అడగలేదు.

పరీక్షలయ్యాక ఒక ఆదివారం పీడీగారితో కలిసి ఆ అమ్మాయి ఊరికి వెళ్ళాను. ఏట్లో నీళ్ళు మోకాళ్ళ కిందికి దిగిపోయాయి. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నడిచి దాటాను. అడుగున ఇసుక పాదాల కిందనుంచి జారిపోతుంటే, నవ్వొచ్చింది, భయమూ వేసింది.

అమ్మాయి మా ఇద్దరికీ మంచినీళ్ళిచ్చి, గుమ్మం పక్కన నిలబడింది. "మార్చిలో చదవక తప్పా మేడమ్. ఈసారి బాగా చదివా. హాల్ టికెట్ పట్టుకుని పొద్దున్నించీ ఒడ్డునే కూర్చున్నా. ఇవతల ఎండ, అవతల ఎండ, మధ్యలో ఏరు," అంది. గొంతులో ఏడుపు లేదు. ఆ విచిత్రం ఆమెకీ ఇంకా మింగుడుపడనట్టుంది.

"అసలీ నీళ్ళు ఎక్కడినుంచి వచ్చాయమ్మా?"

"ఖమ్మం అవతల వానలు పడితే ఇక్కడికొస్తయ్ మేడమ్."

"ఎంతసేపటికి?"

ఆ అమ్మాయి పీడీగారి వైపు చూసింది. ఆయనా తల అడ్డంగా ఊపాడు. "పుట్టినప్పట్నుంచీ చూస్తున్నా. పొద్దున లేచేసరికి వచ్చి ఉంటుంది. ఎప్పుడు బయల్దేరిందో ఎవరు చూశారండి?" అన్నాడు.

ఆ ప్రశ్నతోనే ఇద్దరం ఖమ్మం వెళ్ళాం. అక్కడి కాలేజీలు వేరే యూనివర్సిటీ కింద ఉండేవి. మా సర్క్యులర్లు వాళ్ళకి వెళ్ళవు, వాళ్ళవి మాకు రావు. మున్నేరు మాత్రం వాళ్ళ ఊరి పక్కనుంచే మా ఊళ్ళకి వస్తుంది. అక్కడొక జువాలజీ లెక్చరర్ దొరికాడు. ఇల్లు ఏటి దగ్గరే. మేము వచ్చిన పని చెబితే ముందు నమ్మలేదు. "ఏరు పెరిగితే ఫోన్ చెయ్యాలె, అంతేనా? గింత దానికి బస్సెక్కి వచ్చిన్రా?" అని నవ్వాడు. తర్వాత మమ్మల్ని రేవు దగ్గరికి తీసుకెళ్ళి, బట్టలుతికే బండ ఒకటి చూపించి, అది మునిగితే ఫోన్ చేస్తానన్నాడు.

మరుసటి సెప్టెంబరులో, పరీక్షలకి ముందురోజు పొద్దున, జగ్గయ్యపేట కాలేజీకి ఫోనొచ్చింది. ఆ రోజు నేను పరీక్షల పని మీద అక్కడే ఉన్నాను. "మేడమ్, బండ మునిగిందండి. నీళ్ళు మస్తుగ వస్తున్నయి," అన్నాడు ఖమ్మం ఆయన. నందిగామకి ఫోన్ చేసి చెప్పి, పీడీగారూ నేనూ దొరికిన బస్సెక్కి పెనుగంచిప్రోలు వెళ్ళాం.

ఏరు ప్రశాంతంగా ఉంది. పీడీగారు దాటి అవతలి ఊళ్ళోకి వెళ్ళాడు. కిందటేడు పరీక్ష పోగొట్టుకున్న అమ్మాయి మార్చిలో రాసి ప్యాసై ఇంట్లోనే ఉంది. పీడీగారు చెప్పడం పూర్తయ్యేలోపే చెప్పులేసుకుని ఇల్లిల్లూ తిరిగిందట. ఒక తండ్రి, "ఈ ఎండలో ఏరెందుకొస్తుందే, రేపు పోతార్లే," అంటే, "కిందటేడు మా నాన్నా ఇదే అన్నాడు బాబాయ్," అందట. పరీక్ష రాయాల్సినవాళ్ళందరూ పుస్తకాలు నెత్తిన పెట్టుకుని ఏట్లోకి దిగారు. ఆ అమ్మాయి నడి ఏటిదాకా వచ్చి, అందరూ ఇవతల ఒడ్డెక్కేదాకా చూసి వెనక్కి తిరిగింది.

ఆడపిల్లలకి మా ఇంట్లో, మగపిల్లలకి కాలేజీలో ఆటసామాన్ల గదిలో పడక అనుకున్నాం. పీడీగారు వాళ్ళని బస్సెక్కించి, "రండి మేడమ్," అన్నాడు.

"మీరు పదండి. నేను తర్వాతి బస్సుకి వస్తా."

"ఎందుకండీ?"

"ఎలా వస్తుందో చూడాలి."

ఆయన నా వైపు వింతగా చూసి, పిల్లల్ని పంపేసి తనూ ఉండిపోయాడు. చాలాసేపు ఏమీ జరగలేదు. ఖమ్మం ఆయన మనల్ని ఆటపట్టించలేదు కదా అని కూడా అనుకున్నాం. ఎండ వాలుతుండగా ముందు చిన్న చిన్న పుల్లలు కొట్టుకొచ్చాయి. తర్వాత సబ్బు నురగలాంటి తెల్లటి నురగ. అప్పటిదాకా అడుగు కనపడుతున్న నీళ్ళు చూస్తుండగానే ఎర్రబడ్డాయి. పెద్దగా శబ్దమేమీ లేదు. మేము నిలబడ్డచోట ఇసుక తడిసింది, ఒకడుగు వెనక్కి వేశాం, అదీ తడిసింది.

"వచ్చేసిందండి," అన్నాడు పీడీగారు చిన్నగా.

అవతలి ఒడ్డున ఆ అమ్మాయి కూడా నిలబడి చూస్తోంది. మమ్మల్ని చూసి చెయ్యెత్తి ఏదో అంది. నీళ్ళ మీదుగా మాట వినపడలేదు. నేనూ చెయ్యెత్తాను. తర్వాత చివరి బస్సు పోతుందని పీడీగారు తొందరపెడితే, ఇద్దరం రోడ్డు వైపు గబగబా నడిచాం.