రెండు పక్కల కొలత

కాకినాడలో నా కుడి రొమ్ము తీసేసిన ఏడాది నాకు యాభై నాలుగేళ్లు. రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. రాజోలు దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. గాయం మానింది, సెలవు అయిపోయింది, బడికి వెళ్లాను. లోపల వేసుకునే బ్రాని మా తరం బాడీ అనేది. పాత బాడీలోనే కుడివైపు దూది మెత్త పెట్టుకుని వెళ్లేదాన్ని.

బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తితే ఆ మెత్త పైకి జారేది. ఒకరోజు పదో తరగతిలో వృత్తానికి స్పర్శరేఖ గీస్తుండగా ముందు బెంచీ అమ్మాయి లేచి, డస్టరు అందించే నెపంతో నా పక్కకి వచ్చి, "మేడమ్ గారూ, పైట సర్దుకోండి" అంది. మెత్త మెడ కింద గడ్డలా తేలింది. ఆ రోజు నుంచి బోర్డు కిందిసగమే వాడాను. వెనక బెంచీల పిల్లలు కనబడటం లేదండీ అని రోజూ అనేవారు. నెల తిరక్కుండా స్వచ్ఛంద పదవీ విరమణకి దరఖాస్తు రాశాను. పాఠం చెప్పడం తప్ప నాకు వేరే పని రాదు. అయినా దసరా సెలవులు కాగానే హెడ్మాస్టరు గారికి ఇచ్చేద్దామని నిశ్చయించుకున్నాను.

ఈ సంగతి మా అక్క తన కూతురికి చెప్పింది. ఆ అమ్మాయి బెంగుళూరులో ఆడవాళ్ల లోదుస్తులు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. మా ఇళ్లలో ఎవరూ ఆ మాట పైకి అనేవారు కాదు, బట్టల కంపెనీ అని ఊరుకునేవారు. ఫోన్లో తనే నాకు వివరించింది. మనిషి ఒంటిని కొలతల ప్రకారం కంప్యూటర్లో కడతారట. దానికి బాడీ తొడిగి, నడిపించి, వంచి, బరువు ఎక్కడ పడుతోందో, పట్టీ ఎక్కడ కోస్తోందో బట్ట కత్తిరించకముందే చూస్తారట. నా కొలతలు పంపమంది.

మా వైపు ఆడవాళ్ల ఒంటి మీద టేపు పెట్టే అలవాటు లేదు. బాగా కుదిరిన పాత జాకెట్టు ఒకటి దర్జీకి ఇస్తాం. దాన్ని ఆది అంటాం. నేనూ నా ఆది జాకెట్టు బల్ల మీద పరిచి, మధ్యకి మడిచి, ఒక పక్క కొలిచి, రెండో పక్కకీ అదే అంకె వేశాను. మిల్లీమీటర్లతో సహా డైరీలో ఎక్కించి, ఉత్తరంలో రాసి పంపాను.

పార్శిల్లో వచ్చిన బాడీ మొదటి రోజే కుడి భుజం మీంచి జారిపోయింది. ఎడమ పట్టీ ఒంట్లోకి కోసుకుపోయింది. కంప్యూటర్‌కేం తెలుసు అని అక్కతో అన్నాను కూడా.

దసరాకి ఆ అమ్మాయి లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. డైరీ అడిగి తీసుకుని ఆ పేజీ చూసింది.

"పిన్నీ, రెండు పక్కలా ఒకటే అంకె ఎలా వచ్చింది?"

"ఆది జాకెట్టే కదే."

"ఎప్పటిది?"

అది ఆపరేషన్‌కి ముందు కుట్టించినది. కొలిచేటప్పుడు ఆ సంగతి తట్టలేదంటే ఎవరూ నమ్మరు. తట్టలేదు. స్నానం చేసేటప్పుడు కూడా అటు చూడటం మానేసి అప్పటికి ఏడు నెలలైంది.

"పిల్లలు ఇలా చేస్తే మార్కులేస్తావా నువ్వు?" అంది. అని, వెళ్లి తలుపు గడియ పెట్టి వచ్చింది.

గంటసేపు కొలిచింది. చెయ్యి దించి ఒకసారి, చాచి ఒకసారి, బోర్డు మీద రాసేటట్టు ఎత్తి ఒకసారి. ప్రతి కొలతా అయ్యాక నేనే అంకె రాసుకున్నాను. రెండు పక్కలా ఒక్కటీ కలవలేదు.

మర్నాడు మధ్యాహ్నం తెర చూపించింది. ముఖం లేని ఒళ్లు. కుడివైపు చదునుగా, పక్కటెముకల దగ్గర కాస్త లోపలికి. కుడి భుజం కిందికి వాలి ఉంది. అది వాలిందని నాకు తెలియదు. చాలాసేపు చూశాను. ఆ అమ్మాయి తొందరపెట్టలేదు.

తరవాత ఆ బొమ్మకి బాడీ తొడిగి చెయ్యెత్తించింది. బరువు ఎక్కువ పడ్డ ఎడమ భుజం మీద ఎర్రరంగు అలుముకుంది, కుడివైపు అడుగుపట్టీ లేచిపోయింది. భుజం పట్టీ వెడల్పు చేసింది, అడుగుపట్టీ కిందికి దించింది, మెత్త జారకుండా పైన మూసిన జేబు పెట్టింది. మార్చిన ప్రతిసారీ బొమ్మ మళ్లీ చెయ్యెత్తేది. సాయంత్రానికి ఎరుపు చాలావరకు పోయి, బట్ట కదలకుండా నిలిచింది.

ఒక్క మనిషి కోసం కంపెనీలో రెండోసారి కుట్టరని చెప్పి, ముక్కలన్నీ కాగితాల మీద గీసి ఇచ్చి వెళ్లింది. వాటిని మలికిపురంలో మా దర్జీ దగ్గరికి పట్టుకెళ్లాను. పాతికేళ్లుగా నా జాకెట్లు కుట్టిన ఆయన. కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాడు.

"మేడమ్ గారండీ, గీసినోళ్లెవరో గానీ పొరపాటు చేసేరండి. కుడీ ఎడమా కలవట్లేదు. ఆది ఒకటి ఇప్పించండి, సరిచేసేస్తాను."

కొట్లో ఇంకో ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు. కాగితాలు వెనక్కి తీసుకుందామని చెయ్యి చాచాను.

"పొరపాటు కాదండీ," అన్నాను, చెయ్యి అక్కడే ఉంచి. "నాకు ఒక పక్క తీసేసేరు. ఇప్పుడు నా కొలత ఇదే."

ఆయన తల దించుకున్నాడు. "ఆయ్. గీసినట్టే కుడతానండి."

బెంచీ మీద కూర్చున్న ఒకావిడ సంచీ ఒళ్లోకి తీసుకుని నాకు చోటిచ్చింది. కూర్చున్నాను. అది కుట్టడానికి ఎన్నాళ్లు పడుతుందని అడిగాను. బడి తెరిచేలోగా ఇస్తానన్నాడు, ఇచ్చాడు.

సాయంత్రమయ్యేసరికి భుజం లాగేది. ఎండాకాలం చెమటకి ఒరుసుకునేది. ఆ బాధ పూర్తిగా ఎన్నడూ పోలేదు. దరఖాస్తు మాత్రం ఇవ్వలేదు. యాభై ఎనిమిది నిండి రిటైరయ్యేదాకా బోర్డు పైఅంచు నుంచే లెక్క మొదలుపెట్టాను.